సాక్ష్యం చెప్పాక

"కారు తాళాలివ్వు లూసీ."

"ఇవ్వను."

"అది నీ ఒక్కదాని కారు కాదు."

"కారు కావాలంటే నేనే డ్రైవ్ చేసి దింపుతాను. ట్రంకులో ఉన్నది మాత్రం ఇవ్వను."

కారు వెనక ట్రంకులో ఉన్నది కొడుకు ఆమోసు హెల్మెట్. దానితోపాటు బూట్లూ, భుజాల మీద వేసుకునే ప్యాడ్లూ. కొత్త జట్టు కావడంతో కాలేజీలో ఇంకా సరిపడా లాకర్లు లేవు. ఎవరి సామాను వాళ్లు ఇంటికి తెచ్చుకుంటున్నారు. మధ్యాహ్నం ఆసుపత్రి డ్యూటీ నుంచి రాగానే లూసీ కొడుకు గదిలోకి వెళ్లి అన్నిటినీ ఒక దుప్పట్లో మూటగట్టింది. మూట కారు వెనక పడేసి తాళం వేసి, తాళాలు నర్సు యూనిఫాం జేబులో వేసుకుంది. సాయంత్రమైనా యూనిఫాం మార్చలేదు.

ఏసుపాదం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆల్డన్‌బర్గ్ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసర్. క్లాసులో గొంతు పెంచడని పేరు. ఇంట్లో కూడా ఇన్నాళ్లూ ఆ పేరు నిలబెట్టుకుంటూనే వచ్చాడు.

"రేపు సాయంత్రం ప్రాక్టీసుంది. ఎల్లుండి ఆఖరి ఆట. వాడు హెల్మెట్ లేకుండా వెళ్తే కోచ్ ఏమనుకుంటాడు?"

"తల్లి దాచిందనుకుంటాడు. అనుకోనివ్వండి."

"సిగ్గుగా లేదూ?"

"లేదు. భయంగా ఉంది."

ఆ మాట ఆమె స్టవ్ వైపు తిరిగి అంది. గిన్నెలో చికెన్ అడుగంటుతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుస్తూనే ఉంది, ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

ఆల్డన్‌బర్గ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నిరుడే పుట్టింది. నిరుడు పసిబిడ్డ జట్టని ఊరంతా ముద్దు చేసింది. రెండు ఆటలు గెలిస్తే మెయిన్ స్ట్రీట్‌లో బేకరీవాడు కేకులు పంచిపెట్టాడు. ఈ ఏడు సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం ఓటమే. ముద్దు తీరిపోయింది. కేకులు పంచినవాడే ఇప్పుడు స్కోరు అడిగి నవ్వుతున్నాడు. కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు జట్టు మానేశారు. మిగిలినవాళ్లు చాలక, బంతిని కాలితో తన్నడం ఒక్కటే పనిగా ఉన్న ఆమోసును కూడా కోచ్ ఎదుటివాళ్లను ఢీకొట్టి ఆపే డిఫెన్సులోకి దింపాడు.

అలా దింపిన రోజునే ఎదుటి జట్టువాడి తలా వీడి తలా ఢీకొన్నాయి. ఆమోసు పడిపోయాడు. ఏసుపాదం స్టాండ్స్‌లోంచి పరిగెత్తుకెళ్లి, గడ్డి మీద మోకాళ్లూని, కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆయన "ఆమెన్" అన్నాక పిల్లవాడు కళ్లు తెరిచాడు.

ఆ మర్నాడు కాక పై ఆదివారం ఇంట్లో తెలుగు కూటం జరిగింది. చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న నాలుగైదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు నెలకోసారి ఒకరింట్లో కూడతాయి. పాటలయ్యాక సాక్ష్యాలు. ఏసుపాదం లేచి నిలబడి, నా ప్రభువు నా కుమారుణ్ణి లేపాడు, వాడి తలకు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు అని సాక్ష్యం చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. అందరూ స్తోత్రం అన్నారు. లూసీ కూడా అంది.

ఇప్పుడు ఆమె స్టవ్ దగ్గర్నుంచి భర్త వైపు తిరిగింది.

"శ్యామ్‌సుందర్‌తో మాట్లాడాను" అంది ఆమె. శ్యామ్‌సుందర్ సిటీలో పెద్దాసుపత్రి డాక్టరు, వీళ్లతోపాటే ఈ దేశానికి వచ్చిన గుంటూరు మనిషి. "రేపు పొద్దున తీసుకొస్తే తలకి స్కాన్ చేయిస్తానన్నాడు. కొత్త మిషను వచ్చిందట."

"నన్ను అడక్కుండానా?"

"అడిగితే ఏమనేవారు?"

"ఆదివారం తర్వాత చూద్దామనేవాణ్ణి."

"ఆదివారం ముందే శనివారం వస్తుంది కదండీ."

ఏసుపాదం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "లూసీ, నేను కూటంలో నిలబడి చెప్పాను. స్వస్థత దొరికిందని నా నోటితో చెప్పాను. ఇప్పుడు స్కాన్‌కి తీసుకెళ్తే దానర్థం ఏంటి? నేను అబద్ధమాడాననేగా. లేకపోతే చెప్పిన మాట నేనే నమ్మలేదని."

"తల్లి భయపడిందని అర్థం. అంతే."

"అంతే కాదు."

"దేవుడు ఫోటోకి భయపడతాడా అండీ? తీయించుకుంటే ఆయనకేం నష్టం? బాగుంటే బాగుందని ఆ ఫోటో కూడా సాక్ష్యం చెబుతుందిగా."

దానికి ఏసుపాదం దగ్గర ఉన్న జవాబు పైకి చెప్పుకునేది కాదు. ఫోటోలో ఏదైనా కనబడితే? ఆరోజు ఆ గడ్డి మీద తన మాట దేవుడు వినలేదని తేలితే? ఆ భయం ముందు కొడుకు తల గురించిన భయం చిన్నదైపోయింది. అది ఆయనకే తెలియదు. లూసీకి కొంచెం తెలుసు. అందుకే ఆమెకు కోపం ముందు, జాలి తర్వాత వచ్చాయి.

గోడకున్న ఫోను మోగింది. లూసీ తీసింది.

"లూసీ, వందనాలమ్మా! నేను శాంతిని." శాంతి వాళ్లాయనే కూటం నడిపే పెద్ద. ఆవిడ గొంతు పక్క గదిలోకి కూడా వినబడేలా ఉంటుంది. "శనివారం మేమంతా వస్తున్నాం. మూడు కార్లు."

"ఎక్కడికక్కా?"

"ఎక్కడికేంటి, ఆటకి! మీవారి సాక్ష్యం విన్న దగ్గర్నించి మావాళ్లు ఒకటే గొడవ. మాకెవరికీ ఆ ఆట తలాతోకా తెలీదనుకో. దేవుడు లేపిన బిడ్డ పరిగెడుతుంటే కళ్లారా చూడాలని. పులిహోర నేను తెస్తా. చికెన్ సంగతి నువ్వు చూసుకో."

లూసీ ఫోను తీగ వేలికి చుట్టుకుంది. భర్త ఆమె మొహంలోకే చూస్తున్నాడు. వాడు ఆడటంలేదక్కా, వాడికి బాగాలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆసుపత్రిలో తెల్లవాళ్ల మొహాన ఎంత చేదు సంగతైనా చెప్పగలిగిన మనిషి ఆవిడ. తనవాళ్లకు చెప్పలేకపోయింది.

"రండక్కా" అంది.

ఫోను పెట్టేశాక ఆమె స్టవ్ ఆపింది. చికెన్ మాడిపోయింది.

* * *

  మామూలు రోజుల్లో భోజనాల దగ్గర పదిహేనేళ్ల కూతురు ప్రేమజ్యోతి వాగుడు ఆపడానికే ఒక మనిషి కావాలి. ఆ రోజు ఆ పిల్ల కూడా పళ్లెంలోకి చూసుకుంటూ కూర్చుంది.

ఆమోసు ఆలస్యంగా వచ్చాడు. ఆరడుగుల కుర్రాడు, గోడ పట్టుకుని నడిచొచ్చాడు. కూర్చుంటూనే నెత్తి మీది దీపం వైపు చూసి కళ్లు చిట్లించాడు.

"మమ్మీ, కెన్ వి టర్న్ దట్ ఆఫ్?"

"చీకట్లో తింటావా?"

"కిచెన్ లైట్ ఉంది కదా. చాలు."

జ్యోతి లేచి దీపం ఆర్పింది. వంటింట్లోంచి వచ్చే వెలుతురులో నలుగురూ సగం సగం కనబడ్డారు.

"ఆమోసూ" అంది లూసీ. "తలనొప్పి ఉందా?"

ఆమోసు తల్లి వైపు చూడలేదు. తండ్రి వైపు చూశాడు. ఏసుపాదం అన్నం కలుపుతున్నాడు. వేళ్లు ఆగిపోయాయి.

"నో మమ్మీ. ఐ యామ్ ఫైన్. ఐ యామ్ హీల్డ్."

ఏసుపాదం వేళ్లు మళ్లీ కదిలాయి. కొడుకు పళ్లెంలో తనే ఒక ముక్క వేశాడు. "తిను నాన్నా. బలం కావాలి." ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందో వింటే లూసీకి ఏడుపొచ్చింది. ప్రేమ లేని తండ్రయితే పోట్లాడటం తేలికయ్యేది.

ఆమోసు ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరిపాడు. "జ్యో, నీ బయాలజీ టెస్ట్ ఎప్పుడు?"

"మండే" అంది జ్యోతి.

 ఏసుపాదం మంచినీళ్లు తాగాడు. లూసీ మజ్జిగ పోసింది.

"జ్యో, నీ బయాలజీ టెస్ట్ ఎప్పుడు?"

జ్యోతి తలెత్తింది. అన్న మొహంలో వేళాకోళం ఉందేమోనని వెతికింది. లేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు.

"మండే" అంది మళ్లీ, మెల్లగా.

"చెల్లెల్ని ఆటపట్టించకురా" అన్నాడు ఏసుపాదం నవ్వుతూ.

లూసీ నవ్వలేదు. జ్యోతి తల్లి కళ్లలోకి చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే లూసీకి అర్థమైంది, ఇది మొదటిసారి కాదని.

గిన్నెలు కడిగేటప్పుడు కూతుర్ని సింకు దగ్గర పట్టుకుంది. "ఏం దాస్తున్నావే?"

"నథింగ్."

"జ్యోతీ."

"ప్రామిస్ చేశాను మమ్మీ."

"ఎవరికి?"

జ్యోతి ఏడుపు ఆపుకుంటూ చేతిలో గ్లాసును తుడుస్తూనే ఉంది. "నన్ను స్కూల్‌కి డ్రైవ్ చేస్తాడు కదా. వే మర్చిపోయాడు. ఎవ్రీ డే వెళ్లే రోడ్ మమ్మీ. స్టాప్ సైన్ దగ్గర ఆగి, లెఫ్టా రైటా అని అడిగాడు. జోక్ అనుకున్నా. తర్వాత, డాడీకి చెప్పొద్దు, డాడీ సాడ్ అవుతాడు అన్నాడు."

లూసీ కూతురి చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. ఆ పిల్ల తల తన గుండెకు ఆనించుకుంది. తిట్టడానికి నోరు రాలేదు. ఈ ఇంట్లో డాడీ బాధపడకూడదని అందరూ ఎప్పట్నుంచో ఏదో ఒకటి మింగుతూనే ఉన్నారు. పిల్లలకు ఆ అలవాటు చేసింది తనే.

* * *

శుక్రవారం పొద్దున లూసీ కారు స్టార్ట్ చేసి ఆమోసును పిలిచింది. వాడు వచ్చాడు గానీ ఎక్కలేదు. తెరిచిన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నవంబరు చలికి ఊపిరి పొగలా వస్తోంది.

"శ్యామ్ అంకుల్ దగ్గరికే. ఒక్క గంట పని. మధ్యాహ్నానికి వచ్చేస్తాం."

"మమ్మీ, ఐ కాన్ట్."

"ఎందుకు?"

"ఫోటోలో బ్యాడ్ ఉంటే, దెన్ వాట్ ఈజ్ డాడీ? లయర్?"

"ఎవరూ అలా అనరు నాన్నా."

"వాళ్లు అనరు. డాడీ అనుకుంటాడు." ఆమోసు కాలితో మంచు పట్టిన గడ్డిని రుద్దాడు. "కూటంలో డాడీ ఏడ్చాడు. డాడీ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నా గురించి ఏడ్చాడు. నేను ఫుట్‌బాల్ ఆడితే డీన్ వచ్చి షేక్‌హ్యాండ్ ఇస్తాడు డాడీకి. ఇన్ని ఇయర్స్ ఇవ్వలేదు మమ్మీ. నౌ హి డస్."

"ఓడిపోయే జట్టుకి కూడా ఇస్తాడా?"

"ఓడిపోయినా ఇస్తాడు." వాడు కొంచెం నవ్వాడు. "నాకు ఒక్కసారి ఓడిపోకుండా ఉండాలి. జస్ట్ వన్స్. మండే వస్తాను నీతో. స్కాన్, మెడిసిన్, వాటెవర్. ప్రామిస్."

"నొప్పి ఉందా లేదా? నాకు చెప్పు. నాకొక్కదానికే."

ఆమోసు కారు తలుపు మీది మంచును గోటితో గీకాడు. "లైట్స్ ఉంటే ఉంది" అన్నాడు చివరికి.

శనివారం ఆట మధ్యాహ్నం ఎండలో. లూసీ ఇంజను ఆపకుండా, వాణ్ణి అక్కడే వదిలేసి, కారు వెనక్కి తీసింది. సిటీ వైపు కాదు. కాలేజీ వైపు.

కోచ్ మెక్‌గ్రూడర్ ఆఫీసు జిమ్ వెనక మెట్ల కింద ఉంది. ఒకప్పుడు చీపుర్లు పెట్టుకునే గది. మనిషి పెద్దవాడు, గది చిన్నది. లూసీని చూడగానే లేచి తన కుర్చీ ఆవిడకిచ్చి తను పెట్టె మీద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. ఓడిపోయి ఓడిపోయి నిద్రలేని కళ్లు.

"మావాడు రేపు ఆడకూడదు" అంది లూసీ ఇంగ్లీషులో.

కోచ్ ఆశ్చర్యపోయాడు. "ప్రొఫెసర్ నాకు వేరేలా చెప్పాడే. డాక్టరు చూశాడా అనడిగాను. డాక్టరు కంటే పెద్దవాడే చూశాడన్నాడు. స్పెషలిస్టు కాబోలనుకున్నాను."

లూసీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ స్పెషలిస్టు ఎవరో ఆమె చెప్పలేదు. చెబితే మొగుణ్ణి ఈ తెల్లవాడి ముందు నవ్వులపాలు చేసినట్టవుతుంది. అంతకు ముందురోజు శాంతి ముందు మూసిన నోరే ఇక్కడా మూసింది.

"వాడికి తలనొప్పి ఉంది" అంది. "మర్చిపోతున్నాడు."

కోచ్ అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "మేడం, నా దగ్గర కిక్ చేసేవాడు వాడొక్కడే. వాడు లేకపోతే రేపు ఆడటం కూడా దండగ. ఒక మాట చెబుతాను వినండి. డిఫెన్సులో దింపను. మాటిస్తున్నాను. కిక్ చేస్తాడు, వెంటనే బెంచీకి వస్తాడు. కిక్కర్ మీద ఎవరూ చెయ్యి వేయరు. రూల్స్ ఒప్పుకోవు."

"ఎవరూ తాకరా?"

"ఎవరూ తాకరు."

లూసీకి ఆట తెలియదు. తెలిస్తే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుండేది. మూడు కార్ల జనం, కూటంలో ఏడ్చిన మొగుడు, జస్ట్ వన్స్ అన్న కొడుకు, అందరూ ఆమె మీద ఒక్కసారే వాలారు. అలసిపోయింది. సోమవారం ఎంతో దూరం లేదు.

ఆమె బయటికి వచ్చి ట్రంకు తెరిచింది. మూట విప్పి హెల్మెట్ తీసి కోచ్ చేతిలో పెట్టింది. పెట్టిన తర్వాత కాసేపు దాన్ని వదల్లేదు.

* * *

శనివారం ఆల్డన్‌బర్గ్ మైదానంలో ఎన్నడూ లేనంత రంగులు. స్టాండ్స్‌లో ఒక వరస మొత్తం తెలుగువాళ్లే. పట్టుచీరల మీద దళసరి కోట్లు, కోట్ల మీద శాలువాలు. పులిహోర డబ్బాలు ఒడిలో పెట్టుకుని, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక తెల్లవాళ్లు కొట్టినప్పుడల్లా కొడుతున్నారు. డీన్ వచ్చి ఏసుపాదానికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లాడు. శాంతి అది చూసి లూసీని మోచేత్తో పొడిచింది.

"మీవారి మొహం చూడవే. పెళ్లికొడుకులా ఉన్నాడు!"

లూసీ బెంచీ మీద కూర్చున్న కొడుకునే చూస్తోంది. ఎండ తళతళా మెరుస్తోంది. ఆమోసు తువ్వాలు నెత్తి మీద కప్పుకుని, మోకాళ్ల మధ్యకు తల వంచుకుని ఉన్నాడు.

మొదట్లో కోచ్ మాట నిలబెట్టుకున్నాడు. అవతలి జట్టు పది పాయింట్లు చేసింది. ఇవతల సున్నా. అలవాటైన నిట్టూర్పులు మొదలయ్యాయి. మూడో క్వార్టర్లో మాత్రం ఎవరూ అనుకోనిది జరిగింది. ఆల్డన్‌బర్గ్ కుర్రాడొకడు బంతి చంకన పెట్టుకుని గీత దాటేశాడు, ఆరు పాయింట్లు. ఆమోసు వచ్చి అదనపు కిక్ కొట్టాడు, ఇంకొకటి. పదికి ఏడు. స్టాండ్స్ లేచి నిలబడ్డాయి.

"స్తోత్రం!" అన్నాడు ఏసుపాదం.

పాయింట్లు చేసిన జట్టే బంతిని అవతలివాళ్లకు తన్ని ఇవ్వాలి. ఆమోసు తన్నాడు. ఆకాశంలోకి లేచిన బంతిని అటువైపు చివర ఒక సన్నటి కుర్రాడు అందుకుని పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఒకణ్ణి తప్పించుకున్నాడు. ఇద్దర్ని, ముగ్గుర్ని. ఆల్డన్‌బర్గ్ వాళ్లంతా వాడి వెనకపడ్డారు. ముందు ఎవరూ లేరు, తన్నిన చోటే నిలబడి ఉన్న ఆమోసు తప్ప.

అప్పుడు లూసీకి అర్థమైంది తను కోచ్‌ను అడగని ప్రశ్న ఏమిటో. కిక్కర్‌ను ఎవరూ తాకరు. కిక్కర్ వెళ్లి తాకాల్సివస్తే?

"ఆమోసూ, వద్దు!" అని అరిచింది. ఆ అరుపు చుట్టూ ఉన్న అరుపుల్లో కలిసిపోయింది.

ఆమోసు పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకుంటే మరో ఓటమి, అంతకుముందు వాటితోపాటు ఇదీ ఒకటి. వాడు తప్పుకోలేదు. తల వంచి ఎదురెళ్లాడు. రెండు ఒళ్లు తగిలిన చప్పుడు పై వరస దాకా వినబడింది. సన్నటివాడు పడ్డాడు. బంతి ఆగింది.

ఆమోసు కూడా పడ్డాడు. లేచాడు. మళ్లీ ఒక చెయ్యి నేలకు ఆనించాడు. నిటారుగా నిలబడ్డాడు. కూటంవాళ్లు చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టారు.

లూసీ లేచి మెట్ల వైపు కదిలింది. ఏసుపాదం ఆమె కోటు పట్టుకున్నాడు.

"కూర్చో. లేచాడుగా! అందరూ చూస్తున్నారు."

"వాడు నడిచేది చూశారా మీరు?"

"లూసీ, అందరూ చూస్తున్నారు."

ఆమె చుట్టూ చూసింది. నిజమే, చూస్తున్నారు. శాంతి నవ్వుతూ చూస్తోంది. కింద ఆమోసు బెంచీ చేరాడు. కోచ్ వాడి భుజం పట్టుకుని ఏదో అడిగాడు. ఆమోసు తల ఊపాడు. లూసీ కూర్చుంది. ఆ కూర్చున్నందుకు ఆవిడ తనను తాను ఎన్నటికీ క్షమించుకోదు.

ఆ తర్వాత అటు పాయింట్లు లేవు, ఇటు పాయింట్లు లేవు. గడియారం అయిపోవస్తుండగా ఆల్డన్‌బర్గ్ వాళ్లు బంతిని గోలు స్తంభాలకు దగ్గరగా తెచ్చుకున్నారు. ఒక్క కిక్ స్తంభాల మధ్య నుంచి వెళితే మూడు పాయింట్లు. ఆట సమానం.

ఆమోసు మైదానంలోకి వచ్చాడు. ఎక్కడ నిలబడాలో జట్టువాడొకడు వాడి చెయ్యి పట్టుకుని చూపించాడు. జ్యోతి తల్లి చేతిని గట్టిగా నొక్కింది. బంతి వచ్చింది, ఒకడు నేల మీద నిలబెట్టాడు, ఆమోసు కాలు ఎత్తాడు. ఎన్ని వేలసార్లు చేసిన పనో అది, కాలు తనంతట తానే చేసింది. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లి అవతల చెట్లలో పడింది.

పదికి పది. గెలవలేదు. కానీ ఓడలేదు. ఆ ఏడాది మొత్తం మీద మొదటిసారి ఆల్డన్‌బర్గ్ ఓడలేదు. జనం స్టాండ్స్ దిగి మైదానం మీద పడ్డారు. కోచ్ టోపీ తీసి మొహం కప్పుకున్నాడు. డీన్ గంతులేశాడు. కూటంవాళ్లు కూడా చీరలు ఎత్తిపట్టుకుని దిగారు.

అందరికంటే ముందు లూసీ చేరింది.

ఆమోసు కిక్ చేసిన చోటే నిలబడి ఉన్నాడు. హెల్మెట్ కాళ్ల దగ్గర పడి ఉంది. చుట్టూ జట్టువాళ్లు వాడి వీపు మీద చరుస్తున్నారు. వాడు తల్లిని చూసి నవ్వాడు. చిన్నప్పటి నవ్వు.

"మమ్మీ" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "ఇంతమంది ఎందుకు వచ్చారు? గేమ్ రేపు కదా?"

"నాన్నా, కూర్చో. ఇక్కడే కూర్చో."

ఆమె వాడి మొహాన్ని చేతుల్లోకి తీసుకునేలోపే ఏసుపాదం వచ్చేశాడు. కళ్ల నిండా నీళ్లు. వెనకే కూటమంతా. "నా బంగారం!" అంటూ కొడుకును కావలించుకున్నాడు. తర్వాత చెయ్యెత్తాడు. "ప్రార్థన చేసుకుందాం."

అందరూ చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. ఆడవాళ్లు ముసుగు వేసుకున్నారు. ఏసుపాదం తన అరచేతిని కొడుకు తల మీద పెట్టాడు. ప్రార్థన అనగానే, వాళ్ల అలవాటు ప్రకారం, అందరూ కళ్లు మూసుకున్నారు. ఆమెన్ అనేదాకా ఇక ఎవరూ తెరవరు.

లూసీ మూయలేదు. ఆమోసు కూడా మూయలేదు. ఎండలో వాడి కళ్లలోకి ఆమె దగ్గరగా చూసింది. ఎడమ కంటి పాప ఎండకు చిన్నదై ఉంది. కుడి కంటి పాప కన్నంతా నిండి, నల్లగా, కదలకుండా ఉంది. అలాంటి కన్ను ఆమె వార్డులో, తల లోపల నెత్తురు కారిన రోగుల్లో చూసింది. అది చూశాక ఏం జరుగుతుందో కూడా చూసింది.

"ప్రభువా, నీ సాక్ష్యాన్ని నిలబెట్టావు..." ఏసుపాదం మొదలుపెట్టాడు.

"ఆపండి!" అంది లూసీ. "కళ్లు తెరవండి! ఏవండీ, కళ్లు తెరిచి వీణ్ణి చూడండి!"

ఆమె గొంతు బొంగురుపోయింది, కన్నీళ్లు కారిపోతున్నాయి. కూటంలో ప్రార్థన మధ్య అలా అరిచి ఏడ్చేవాళ్లు ప్రతిసారీ ఒకరో ఇద్దరో ఉంటారు. శాంతి కళ్లు ఇంకా గట్టిగా మూసుకుని, ఆనందంతో గొంతు కలిపింది.

"హల్లెలూయా!"

"హల్లెలూయా!" అన్నారు అందరూ.

ఏసుపాదం ప్రార్థన ఆపలేదు. ఆయన అరచేతి కింద కొడుకు తల బరువెక్కి, మెల్లగా పక్కకు ఒరగడం మొదలుపెట్టింది.